పేరు అదే... అడ్రసే మారింది!

రాత్రి పదకొండు దాటి పది నిమిషాలు. చిన్నమ్మ ఫోన్. ఆ టైములో చిన్నమ్మ ఫోన్ చేసిందంటే రెండే కారణాలు. ఊళ్లో ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోవాలి, లేదంటే హాస్టల్ కెమెరాలు ఆగిపోవాలి.

"అరేయ్, గేటు కెమెరా వస్తలేదు. పాస్‌వర్డ్ తప్పంటుంది. నేనేం మార్చలేదు. గేటు కాడ ఎవరో మగమనిషి నిలబడ్డడంట, పిల్లలు భయపడుతున్నరు. వాచ్‌మన్ ఫోన్ ఎత్తుతలేడు."

చిన్నమ్మది దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్. ఉండేది ఎల్‌బీ నగర్‌లో. నేనుండేది ఊరికి ఆ చివర, కొండాపూర్‌లో. వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి హాస్టల్ రౌటర్ పేరు కొట్టి చూశా. అడ్రస్ సరిగ్గానే వచ్చింది. కెమెరా పాస్‌వర్డ్ నా దగ్గర ఉండదు. ఆడపిల్లల హాస్టల్ కదా, ఉండకూడదు కూడా. అందుకని అంతకు మించి చూడలేదు.

"నాకు బాగానే వస్తుంది చిన్నమ్మా. నీ ఫోన్లోనే ఏదో ఉంది. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యి" అన్నా.

చేసింది. రాలేదు. మళ్లీ చేసింది. మళ్లీ రాలేదు. ఇంక నాతో మాట్లాడ్డం ఆపేసి, చెప్పులేసుకుని కిందికి దిగి ఆటో ఎక్కింది.

గేటు దగ్గర నిలబడ్డ మనిషి దొంగ కాదు. మిర్యాలగూడ వైపు నుంచి బస్సులో వచ్చిన ఒక అమ్మాయి తండ్రి. వాళ్ల నాయనమ్మకు సీరియస్‌గా ఉంది, బిడ్డను తీసుకుపోదామని వచ్చాడు. ఆ అమ్మాయి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకుంది. పది దాటితే గేటు తీయొద్దన్నది హాస్టల్ రూలు. లోపలున్న పిల్లలు రూలు పాటించారు. ఆయన నలభై నిమిషాలు మెట్టు మీద కూర్చున్నాడు. కెమెరా కనబడి ఉంటే చిన్నమ్మ ఒక్క చూపులో గుర్తుపట్టేది. అడ్మిషన్ రోజు బియ్యం బస్తా మోసుకొచ్చిన మనిషి ఆయన.

వాళ్లు తెల్లారేసరికి ఊరు చేరారు. పెద్దావిడ మనవరాలిని గుర్తుపట్టిందట. ఈ సంగతి చెప్పి చిన్నమ్మ ఒక్క మాట అన్నది. "ఆ నలభై నిమిషాల్లో ఏమన్నా అయ్యుంటే ఆయనకు నేనేం చెప్పాల్రా?"

తప్పు చిన్నమ్మ ఫోన్‌ది కాదు. నాది. ఆ పేరుకు అడ్రస్ చెప్పే సర్వర్ నేను రాసిందే. ఈ వారం ఆ కథే చెబుతా. మీ షాపులోనో, ఇంటి గేటుకో కెమెరా ఉంటే ఈ కథ మీది కూడా.

దిల్‌సుఖ్‌నగర్‌కు ఇన్ని కెమెరాలెందుకు?

చైతన్యపురి మెట్రో స్టేషన్‌లో దిగి ఏ సందులోకి వెళ్లినా కోచింగ్ సెంటర్, హాస్టల్, కర్రీ పాయింట్, జిరాక్స్ షాపు, మళ్లీ హాస్టల్. గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు, సాఫ్ట్‌వేర్ కోర్సులకు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడే ఉంటారు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇదే రోడ్డు మీద బాంబులు పేలాయి. అప్పుడు ఇక్కడున్న వాళ్లెవరూ ఆ రోజు మర్చిపోలేరు. ఉమ్మడి రాష్ట్రంలో ఆ ఏడాదే వచ్చిన ప్రజాభద్రత చట్టం జనం ఎక్కువగా వచ్చిపోయే చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలని చెప్పింది. ఆ తరవాత పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కాలనీల దాకా వచ్చింది. అలా గేటుకో కెమెరా, మెట్ల దగ్గరో కెమెరా, వాటి రికార్డింగ్ దాచుకునే డీవీఆర్ డబ్బా ఒకటి మన జీవితంలోకి వచ్చేశాయి.

ఇబ్బంది ఎక్కడంటే, హాస్టల్ యజమానుల్లో చాలామంది హాస్టల్లో ఉండరు. ఎల్‌బీ నగర్‌లోనో, వనస్థలిపురంలోనో, హయత్‌నగర్‌లోనో ఉంటారు. ఫోన్లో కెమెరా చూడాలంటే ఆ ఫోన్‌కు హాస్టల్ ఎక్కడుందో తెలియాలి. ఎక్కడుందో అంటే వీధి, ఇంటి నంబరు కాదు, ఇంటర్నెట్‌లో దాని అడ్రస్. అదే ఐపీ అడ్రస్, నాలుగు అంకెల గుంపు. మామూలు ఇంటి కనెక్షన్‌కు ఆ అడ్రస్ సొంతం కాదు, నెట్ కంపెనీ అద్దెకు ఇచ్చినట్టు. రౌటర్ ఆగి మళ్లీ వెలిగితే చాలాసార్లు కొత్త అడ్రస్ వస్తుంది. మీ పాత అడ్రస్ ఇంకో కస్టమర్‌కు పోతుంది. ఈ ఆఖరి వాక్యం గుర్తుపెట్టుకోండి, దీంతో పని ఉంది.

కొత్తపేట పండ్ల మార్కెట్ ఎక్కడ?

అంకెలు మనకు గుర్తుండవు కాబట్టి పేర్లు వాడతాం. పేరు చెబితే అడ్రస్ చెప్పేది డొమైన్ నేమ్ సిస్టమ్. పొట్టిగా డీఎన్‌ఎస్. దీని స్వభావం అర్థం కావాలంటే మా వైపు ఆటోవాళ్లను చూస్తే చాలు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి విజయవాడ హైవే మీద బాటసింగారానికి తరలిపోయి ఏళ్లయింది. అయినా ఊరి నుంచి మామిడికాయలు కొనడానికి వచ్చిన మనిషి "పండ్ల మార్కెట్" అంటే, పాత జ్ఞాపకం ఉన్న డ్రైవర్ తిన్నగా కొత్తపేటలో దింపేస్తాడు. పేరు తప్పు కాదు. మార్కెట్ నిజంగానే ఉంది. డ్రైవర్ తలలో ఉన్న అడ్రస్సే పాతది.

డీఎన్‌ఎస్‌లో కూడా ఇంతే. అడిగిన ప్రతిసారీ అసలు సర్వర్ దాకా పోకుండా, దారిలో ఉన్న సర్వర్లు జవాబును కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. ఎంతసేపు అన్నది ఆ జవాబుతో పాటే వస్తుంది. దాన్ని టీటీఎల్ అంటారు, అంటే జవాబుకు ఆయుష్షు అనుకోండి.

మొదట్లో ఇదంతా లేదు. అమెరికాలో ఇంటర్నెట్‌కు ముందున్న నెట్‌వర్క్‌లో అందరి పేర్లూ, అడ్రసులూ ఒకే ఫైలులో ఉండేవి. ఒక ఆఫీసు దాన్ని రాసేది, మిగతావాళ్లు కాపీ తెచ్చుకునేవాళ్లు. కంప్యూటర్లు పెరిగేసరికి ఆ పద్ధతి కూలబడింది. 1983లో పాల్ మాకపెట్రిస్ డీఎన్‌ఎస్‌కు రూపం ఇచ్చాడు. ఒక్క ఫైలు బదులు ఎవరి పేట లెక్క వాళ్లే రాసుకునే ఏర్పాటు. మనం ఈరోజుకీ వాడే నియమాలు 1987లో ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035 అనే రెండు పత్రాల్లో స్థిరపడ్డాయి.

అయితే అప్పుడు అడ్రసులు ఊరికే మారేవి కావు. మారితే ఒక మనిషి ఫైలు తెరిచి, దిద్ది, సర్వర్‌కు చెప్పేవాడు. ఇళ్లలోకి ఇంటర్నెట్ వచ్చి, అడ్రస్ గంటకోసారి మారే కాలం వచ్చేసరికి మనిషి దిద్దితే కుదరదు. సర్వర్ నడుస్తుండగానే, కంప్యూటర్లే వచ్చి "నా అడ్రస్ మారింది, రాసుకో" అని చెప్పే పద్ధతి కావాలి. ఆ పద్ధతికి నియమాలు 1997 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 2136గా వచ్చాయి. డైనమిక్ అప్‌డేట్ అంటే ఇదే.

నేనెందుకు రాశా?

పాత డీవీఆర్‌లలో డీడీఎన్‌ఎస్ అని ఒక మెనూ ఉంటుంది. చాలా వాటిలో డిన్‌డీఎన్‌ఎస్ అనే అమెరికా సర్వీసు పేరు కనిపిస్తుంది. వర్సెస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకునే కుర్రాళ్ల ప్రాజెక్టుగా మొదలై కంపెనీ అయింది. ఎన్నో ఏళ్లు ఉచితంగా ఇచ్చి, 2014 మే నెలలో ఉచిత సేవ ఆపేసింది. ఆ తరవాత కెమెరాలు బిగించే కుర్రాళ్లు ఏ ఉచిత సర్వీసు దొరికితే దాంట్లో పెట్టి పోయేవాళ్లు. అది నెలకోసారి ఆగిపోయేది. ఆగినప్పుడల్లా చిన్నమ్మ నాకు ఫోన్ చేసేది.

"ఇంజినీరింగ్ చదివినవ్, ఇంత చిన్న పని రాదా?" అని ఒకసారి అనేసరికి నాకు పౌరుషం వచ్చింది. ఒక డొమైన్ కొన్నా. నెలకు అద్దె మీద ఒక చిన్న సర్వర్ తీసుకున్నా. ఇంకోటి మా ఫ్రెండ్ సర్వర్ మీద నడిపేలా ఒప్పించా. ఒకటి పడిపోయినా పేరు పలకాలి కాబట్టి డీఎన్‌ఎస్‌కు కనీసం రెండు సర్వర్లు పెట్టడం పద్ధతి. మొదటిది ప్రైమరీ, మార్పులు దాని దగ్గర జరుగుతాయి. రెండోది సెకండరీ, దాన్ని చూసి కాపీ రాసుకుంటుంది. బయటివాళ్లు ఏ సర్వర్‌ను అడుగుతారో మన చేతిలో ఉండదు.

రెండు ఆదివారాల్లో సర్వర్ రాసేశా. చిన్నమ్మ హాస్టల్, ఎల్‌బీ నగర్‌లో మామయ్య మెడికల్ షాపు, ఇంకో మూడు ఇళ్లు. ఐదు పేర్లు. మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. అందరికీ చెప్పుకున్నా కూడా.

ఆ రాత్రి ఏం జరిగిందంటే...

సెకండరీకి కొత్త కాపీ ఎప్పుడు తీసుకోవాలో ఎలా తెలుస్తుంది? ప్రైమరీ దగ్గర ఒక వరుస నంబర్ ఉంటుంది. సీరియల్ అంటారు. మార్పు జరిగినప్పుడల్లా అది పెరగాలి. సెకండరీ వచ్చి ఆ నంబర్ చూస్తుంది. తన దగ్గరున్న దానికంటే పెద్దదైతే కాపీ తీసుకుంటుంది. కాకపోతే "నాదే కొత్తది" అనుకుని వెనక్కి పోతుంది.

చేత్తో ఫైళ్లు దిద్దే రోజుల నుంచీ ఆ నంబర్‌ను తేదీతో రాయడం ఒక అలవాటు. ఏడాది, నెల, తేదీ, చివర రెండంకెల వరుస. జూలై 16 అయితే 2024071601, రెండో మార్పుకు 2024071602. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని నేనూ అదే పెట్టా.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి వాన. తూర్పు వైపు కరెంటు పోతూ వస్తూ ఉంది. ఐదిళ్ల రౌటర్లూ ఆగుతూ వెలుగుతూ కొత్త అడ్రసులు పంపుతున్నాయి. సాయంత్రానికి వరుస 09 దాకా వచ్చింది. సెకండరీ కూడా 09 దాకా కాపీ చేసుకుంది. ఏడింటికి నేను ఆఫీసులో కూర్చుని ఒక చిన్న మార్పు చేసి, సర్వర్‌ను ఆపి మళ్లీ నడిపా. ఆ చివరి రెండంకెల లెక్కను నేను మెమొరీలోనే ఉంచా. ఫైల్లో రాయలేదు. సర్వర్ లేవగానే తేదీ చూసుకుని, మళ్లీ 01 నుంచి మొదలుపెట్టింది.

పదిన్నరకు హాస్టల్లో మళ్లీ కరెంటు పోయి వచ్చింది. రౌటర్‌కు కొత్త అడ్రస్. ప్రైమరీ రాసుకుంది, నంబర్ 02 వేసింది. సెకండరీ వచ్చి చూసింది. తన దగ్గర 09, ఇక్కడ 02. "నాదే కొత్తది" అనుకుని పోయింది. అప్పటి నుంచి ఒకే పేరుకు రెండు సర్వర్లు రెండు అడ్రసులు చెబుతున్నాయి. నా ల్యాప్‌టాప్‌కు ప్రైమరీ జవాబు అందింది. చిన్నమ్మ ఫోన్‌కు సెకండరీ జవాబు. ఫోన్ ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా ఏం లాభం?

ఇంతకంటే భయపెట్టే సంగతి ఇంకోటి ఉంది. యాప్ "కనెక్ట్ కాలేదు" అనలేదు, "పాస్‌వర్డ్ తప్పు" అంది. అంటే అవతల ఎవరో పలికారు. మన పాత అడ్రస్ అప్పటికే ఇంకో కస్టమర్‌కు పోయింది. అక్కడ కూడా అలాంటి డీవీఆరే ఉంది. చిన్నమ్మ ఫోన్ తన దగ్గర దాచుకున్న యూజర్ నేమ్, పాస్‌వర్డ్ తీసుకుపోయి ముక్కూమొహం తెలియని డబ్బా ముందు పెట్టింది. కొత్తపేటలో దింపేసిన ఆటో లాంటిది కాదిది. పాత ఇంటికి పోయి, అక్కడ కొత్తగా చేరిన వాళ్ల చేతికి మన తాళంచెవి ఇచ్చి రావడం.

మర్నాడు పొద్దున ఇంకో ఇంట్లో కరెంటు పోయి వచ్చింది. తేదీ మారింది కాబట్టి నంబర్ దానంతటదే పెద్దదైంది, సెకండరీ కాపీ తీసుకుంది. తప్పు మాయం. కాబట్టే అది కనిపెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. రెండు సర్వర్ల లాగ్‌లు పక్కపక్కన పెట్టుకుని చూశాక గానీ 09 పక్కన 02 కనబడలేదు.

మళ్లీ మొదటి నుంచి

ఆ వారం ఆర్‌ఎఫ్‌సీ 2136 మొదటి నుంచి చివరి దాకా చదివా. మొదట చదవాల్సిన పని ఆఖర్న చేశానన్నమాట. చదువుతుంటే అందులో ఒక్కో నియమం నేను చేసిన, చేయబోయే తప్పుకు జవాబులా కనిపించింది. డైనమిక్‌గా మారే సర్వర్‌ను కట్టేటప్పుడు ఆలోచించాల్సినవి ఇవీ.

మొదటిది, సీరియల్. అది లెక్క మాత్రమే, క్యాలెండర్ కాదు. మార్పు జరిగితే ఒకటి పెరగాలి, ఎప్పుడూ తగ్గకూడదు, సర్వర్ ఆగినా మర్చిపోకూడదు. ఇది 32 బిట్ల నంబర్. చివరికి చేరాక గడియారంలో పన్నెండు తరవాత ఒకటి వచ్చినట్టు మళ్లీ మొదటికి వస్తుంది. అప్పుడు ఏది కొత్త, ఏది పాత అని పోల్చే పద్ధతి కూడా 1996లోనే ఆర్‌ఎఫ్‌సీ 1982లో రాసి పెట్టారు.

రెండోది, ముందు రాయి, తరవాత చెప్పు. మార్పు వచ్చినప్పుడు దాన్ని ముందు డిస్కు మీద చిట్టాలో రాయాలి, ఆ తరవాతే "సరే" అని జవాబివ్వాలి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదే. సరుకు ఇచ్చి, సాయంత్రం గుర్తుచేసుకుని రాద్దామనుకుంటే లెక్క తప్పుతుంది.

మూడోది, ఎవరు మార్చొచ్చు? ప్రతి ఇంటికీ వేరే రహస్య తాళం ఇవ్వాలి. హాస్టల్ తాళంతో హాస్టల్ పేరే మారాలి, మెడికల్ షాపు పేరు మారకూడదు. అప్‌డేట్ మీద ఆ తాళంతో సంతకం ఉంటుంది. టీసిగ్ అనే ఈ పద్ధతి 2000లో వచ్చింది. పాత సంతకాన్ని ఎవరైనా దాచిపెట్టి మళ్లీ పంపకుండా అందులో టైము కూడా ఉంటుంది. మామూలుగా ఐదు నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలా చవక రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే 1970 జనవరి 1 అనుకుని లేస్తాయి. టైము సరిచేసుకునే దాకా వాటి సంతకం చెల్లదు. అందుకని రౌటర్ ముందు టైము తెచ్చుకుని, తరవాత అప్‌డేట్ పంపేలా వరుస పెట్టాల్సి వచ్చింది.

నాలుగోది, షరతు. ఆర్‌ఎఫ్‌సీ 2136లో నాకు బాగా నచ్చింది ఇదే. "ఇప్పుడు నీ దగ్గరున్నది ఫలానా అడ్రసే అయితే, దాన్ని ఇలా మార్చు" అని చెప్పొచ్చు. షరతు కుదరకపోతే ఏదీ మారదు. కుదిరితే అడిగినవన్నీ ఒకేసారి మారతాయి. సగం మారడం అనేది లేదు. దారిలో ఆలస్యమైన పాత అప్‌డేట్ వచ్చి కొత్తదాన్ని చెరిపేయకుండా ఇది కాపాడుతుంది.

ఐదోది, సెకండరీ అడిగేదాకా ఆగకూడదు. మార్పు జరగగానే ప్రైమరీయే "వచ్చి చూసుకో" అని కబురు పంపాలి. దాన్ని నోటిఫై అంటారు. సెకండరీ మొత్తం ఫైలు కాకుండా మారిన ముక్క మాత్రమే తీసుకుపోవచ్చు. ఈ రెండూ 1996 నాటి పద్ధతులే.

ఆరోది, ఆయుష్షు. నేను టీటీఎల్ 60 సెకన్లు పెట్టా. నిమిషానికోసారి అడిగినా ఒక్కో చోటి నుంచి రోజుకు 1440 ప్రశ్నలు. ఐదిళ్లకు ఇదేం లెక్క కాదు. కోట్లమంది వచ్చే సైటుకైతే ఆలోచించాలి. ఇంకో మెలిక ఏంటంటే, "ఆ పేరుకు అడ్రస్ లేదు" అన్న జవాబును కూడా దారిలో వాళ్లు గుర్తుపెట్టుకుంటారు. దాని ఆయుష్షును కూడా తగ్గించకపోతే, అడ్రస్ వచ్చాక కూడా లేదనే చెబుతుంటారు.

ఏడోది ఏ పత్రమూ నాకు చెప్పలేదు, చిన్నమ్మ చెప్పింది.

తప్పు దొరికాక ఎల్‌బీ నగర్ వెళ్లి, ఆమెకు అర్థమయ్యేలా అంతా చెప్పా. 09, 02 సంగతి కూడా. విని అడిగింది. "తెలవనప్పుడు తెలవదని చెప్పొచ్చు గదరా మీ మిషిని. తప్పు చెప్పుడెందుకు? కెమెరా రాదని ముందే తెలిస్తే నేను ఫోన్ పట్టుకుని కూసోకుండా అప్పుడే ఆటో ఎక్కుదును."

నా దగ్గర జవాబు లేదు. నా సర్వర్‌లో అడ్రస్ ఒకసారి రాస్తే, మళ్లీ ఎవరైనా మార్చేదాకా అది నిజమే. ఇంటి కనెక్షన్‌కు అది సరిపోదు. అందుకని ఇప్పుడు ప్రతి రౌటర్ ఐదు నిమిషాలకోసారి "ఉన్నా" అని చెప్పాలి. పదిహేను నిమిషాలు పలకకపోతే ఆ పేరు కింద అడ్రస్ తీసేస్తుంది, చిన్నమ్మకు మెసేజ్ పోతుంది. రెండు సర్వర్ల జవాబులూ ఒకటేనా అని చూసే చిన్న ప్రోగ్రాం కూడా ఉంది. ఒకటి కాకపోతే నాకు ఫోన్ మోగుతుంది, అర్ధరాత్రి అయినా సరే.

మరి ఉన్న సాఫ్ట్‌వేర్ వాడొచ్చుగా?

ఈ ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. న్యాయమైన ప్రశ్న. బైండ్ అనే డీఎన్‌ఎస్ సర్వర్ ఎనభైల్లో బర్క్లీ యూనివర్సిటీలో విద్యార్థులు మొదలుపెట్టింది. ఎవరికైనా ఉచితం. పైన చెప్పినవాటిలో మొదటి ఐదూ అందులో ఎప్పటి నుంచో ఉన్నాయి. సీరియల్ అదే పెంచుకుంటుంది, చిట్టా అదే రాస్తుంది. రాసి నేర్చుకుందామన్న సరదా నాది. సరదా తప్పు కాదు. ఆ సరదా మీద ఆడపిల్లల హాస్టల్ గేటు ఆనించడం తప్పు. ఇప్పుడు చిన్నమ్మ పేరు నడిచేది బైండ్ మీదే. నేను రాసిన ముక్క ఒక్కటే మిగిలింది, పలకని రౌటర్ల గడువు చూసేది. నా పాత సర్వర్ నా డెస్కు మీద నా ప్రయోగాలకు నడుస్తోంది.

ఇంకో పెద్ద తప్పు

పేరు సరిచేశాక కూడా నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ పేరు తెలిసినా, తెలియకపోయినా, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఆ డీవీఆర్ తలుపు కొట్టొచ్చు. కెమెరా బిగించిన కుర్రాడు రౌటర్‌లో పోర్టు తెరిచి వదిలేశాడు. అందరూ అలాగే చేస్తారు.

2016 అక్టోబర్ 21న ఏం జరిగిందో చూడండి. మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా ఇలా తలుపులు తెరుచుకుని ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లను పట్టింది. గొప్ప తెలివేం వాడలేదు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉండే మామూలు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలు 60కి పైగా వరసగా కొట్టి చూసింది. అలా దొరికిన డబ్బాల సైన్యం ఒక్కసారిగా ఒక డీఎన్‌ఎస్ కంపెనీ మీద పడింది. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు. ఆ సైట్లు బాగానే ఉన్నాయి, వాటి అడ్రస్ చెప్పేవాడే పడిపోయాడు. ఆ కంపెనీ ఏదో తెలుసా? డిన్. పైన చెప్పిన డిన్‌డీఎన్‌ఎస్ వాళ్లే. మారే అడ్రసులకు పేర్లు ఇచ్చి పెరిగిన కంపెనీని, అలాంటి పేర్లు వాడుకునే రకం డబ్బాలే కూల్చాయి.

అందుకని హాస్టల్ పోర్టు మూసేశా. ఇప్పుడా పేరు డీవీఆర్‌ను చూపించదు, రౌటర్‌లో ఉన్న వీపీఎన్‌ను చూపిస్తుంది. చిన్నమ్మ ఫోన్ ముందు ఆ సొరంగంలోకి పోయి, తరవాత కెమెరా దగ్గరికి పోతుంది. ఇక్కడ ఫోన్, రౌటర్ ఒకదానికొకటి తాళాలు చూపించుకోవాలి. రేపు పేరు పొరపాటున వేరే ఇంటి అడ్రస్ చెప్పినా అక్కడి డబ్బా దగ్గర మన తాళం ఉండదు కాబట్టి సొరంగమే తెరుచుకోదు. పాస్‌వర్డ్ పరాయి చేతికి పోదు. నేను వాడింది వైర్‌గార్డ్. దాంతో ఒక జాగ్రత్త, అది పేరును మొదలయ్యేటప్పుడు ఒక్కసారే అడుగుతుంది. అడ్రస్ మారితే మళ్లీ అడిగేలా చూసుకోవాలి, లేదంటే ఆఫ్ చేసి ఆన్ చేయాలి. ఈసారి ఆ సలహా నిజంగానే పనిచేస్తుంది.

ఇది విని పక్క హాస్టల్ అంకుల్ తనకూ చేసిపెట్టమన్నారు. వెళ్లి చూస్తే ఆయన రౌటర్‌కు ఉన్న అడ్రస్ 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులను 2012లో నెట్ కంపెనీల లోపలి వాడకానికి కేటాయించారు. అంటే చాలా ఇళ్లు ఒకే బయటి అడ్రస్‌ను పంచుకుంటున్నాయి. అపార్ట్‌మెంట్‌కు ఒకే గేటు ఉండి, ఫ్లాట్ నంబర్లు బయటికి తెలియనట్టు. అక్కడ పేరు ఎంత చురుగ్గా మార్చినా లాభం లేదు. నెట్ కంపెనీని అడిగి స్థిరమైన అడ్రస్ కొనుక్కోవాలి, లేదా ఐపీవీ6 ఉంటే ఆ దారి చూడాలి. ఆయనకు ఆ మాటే చెప్పా. తెలవనప్పుడు తెలవదనీ, కానప్పుడు కాదనీ చెప్పడం నేర్చుకుంటున్నా మరి.

ఈ వారం మీరు చేయాల్సిన పనులు మూడే. మీ కెమెరా డబ్బా పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చినదే అయితే ఇవాళే మార్చండి. బిగించిన అతన్ని పిలిచి "రౌటర్‌లో పోర్టు తెరిచావా?" అని అడగండి. తెరిచి ఉంటే ఎందుకో చెప్పమనండి. మూడోది, కెమెరా యాప్ ఉన్నట్టుండి పాస్‌వర్డ్ తప్పంటే మళ్లీ మళ్లీ కొట్టకండి. తలుపు మీది కాకపోవచ్చు. ముందు హాస్టల్‌కో, షాపుకో ఫోన్ చేసి నెట్ ఉందో లేదో కనుక్కోండి. తరవాత ఆ పాస్‌వర్డ్ మార్చేయండి.

అన్నట్టు, చిన్నమ్మ హాస్టల్ గేటు మీద ఇప్పుడొక కొత్త బోర్డు ఉంది. "రాత్రి పది తర్వాత వచ్చే తల్లిదండ్రులు ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని పెద్ద అక్షరాలతో. కెమెరాలు, వీపీఎన్, బైండ్ అన్నీ సరిగ్గా నడుస్తున్నాయి కదా, ఇంకా బోర్డెందుకని అడిగా. "నీ పని నువ్వు చేసినవ్, నా పని నేను చేసిన" అంది.